అజీజియా బడా, ఇంటి పక్క బడా

మేము దోహాలో దిగేసరికి ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు ఇంకా కొన్నేళ్ల దూరంలో ఉన్నాయి. ఊరు మాత్రం రేపు తెల్లారితే పెళ్ళివారు దిగుతారన్నంత హడావుడిలో ఉంది. ఏ వీధి చూసినా తవ్వేసి ఉండేది. తవ్విన చోటల్లా ఎర్రా తెలుపూ ప్లాస్టిక్ అడ్డుగోడలు, వాటి మీద పక్కదారి చూపించే బాణం గుర్తులు. ఆ బాణాలు ఎక్కడ పెట్టాలో కొలిచి చెప్పే మనుషుల్లో మా ఆయన ఒకరు. రోడ్లు వేసే కంపెనీలో సర్వేయరు. ఆయన ముందుగా వచ్చి, ఫ్యామిలీ వీసా చేతికి అందాక నన్నూ ఐదేళ్ల పాపనీ పిలిపించుకున్నారు. ఉమ్ ఘువైలినా అనే పేటలో ఒక పాత బిల్డింగులో రెండో అంతస్తు మాది.

కాకినాడలో నేను ఒకటో తరగతికి టీచర్ని. ఆ ఉద్యోగం మానేసి వచ్చాను. పాపని ఏప్రిల్లో ఒకటో తరగతిలో వేయాలి. మా ఊళ్ళో అయితే వీధికి రెండు బళ్ళు. వేసవి రాగానే వాళ్ళే గుమ్మం దాకా వచ్చి పాంప్లెట్లు ఇచ్చి వెళతారు. ఇక్కడ మన సిలబస్ చెప్పే బళ్ళు కొన్నే ఉన్నాయి, మనవాళ్ళు మాత్రం ప్రతి విమానంలోనూ దిగుతున్నారు. స్టేడియాలూ రోడ్లూ కట్టడానికి వచ్చిన ఇంజనీర్లకీ ఫోర్‌మన్లకీ పిల్లలుంటారు, ఆ పిల్లలకి బెంచీలు కావాలి. ఇక్కడ మనం బడిని ఎంచుకోవడం కాదు, బడే మనల్ని ఎంచుకుంటుందని తెలిసొచ్చేసరికి నాకు నెల పట్టింది.

మా పై అంతస్తులో నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది. భర్త స్టేడియం పనుల్లో ఫోర్‌మన్. వచ్చిన వారంలోనే చింతపండు అయిపోయి నేను వాళ్ళ తలుపు తట్టాను. చింతపండుతో పాటు టీ ఇచ్చింది, ఇంకో వారానికి మా ఇంటి తాళంచెవి ఒకటి వాళ్ళింట్లో ఉండే దాకా వచ్చింది. ఆవిడకి ఇద్దరు మగపిల్లలు. పెద్దవాడు ఊరికి అటువైపున్న అల్ అజీజియాలోని పెద్ద బడిలో నాలుగో తరగతి, చిన్నవాడు మా వీధి చివరున్న చిన్న బడిలో రెండో తరగతి. ఇద్దరికీ ఒకే చోట సీటు దొరకలేదు. దాంతో ఆ ఇంట్లో రెండు రకాల యూనిఫారాలు, రెండు రకాల పరీక్షలు. ఒకడికి సెలవైతే ఇంకొకడికి బడి ఉండేది, బడి ఉన్నవాడు ఏడుస్తూ సాక్సు వేసుకునేవాడు.

రెండిట్లో ఏది మంచిదని అడిగితే అక్క చాలాసేపు ఆలోచించింది.

"పెద్దోని బడిల గ్రౌండ్ మస్తుంటది, ఆటలు ఆడిపిస్తరు. చిన్నోని బడిల టీచర్లు మంచిగ జూస్తరు. గిది సూస్తె గది లేదు, గది సూస్తె గిది లేదు. నువ్వే పోయి సూసుకో చెల్లె."

పిల్లలిద్దరూ మాత్రం అంత ఆలోచించేవాళ్ళు కాదు. మా బడికి స్విమ్మింగ్ పూల్ వస్తోందని పెద్దవాడంటే, మా బడిలో మిస్ నన్ను ముద్దుపేరుతో పిలుస్తుందని చిన్నవాడు అనేవాడు. అక్కడి నుంచి దిండ్లు ఎగిరేవి.

మొదట చూసింది ఇంటి పక్క బడినే. మా వీధి చివర కిరాణా కొట్టు, దాని పక్కన లాండ్రీ, ఆ పక్కన ఒక పెద్ద విల్లా. ఆ విల్లాయే బడి. ఒకప్పుడు ఎవరో స్థానిక కుటుంబం కాపురమున్న ఇల్లు. అతిథుల్ని కూర్చోబెట్టే మజ్లిస్ గది ఒకటో తరగతి అయింది, పడకగదులు రెండూ మూడూ తరగతులయ్యాయి. వంటిల్లు స్టాఫ్ రూము. గోడకి ఇంకా నీలం పువ్వుల టైల్స్ అలాగే ఉన్నాయి. ఆటస్థలమంటూ చూపించింది రెండు కార్లు పట్టేంత జాగా, పైన ఎండ తగలకుండా కట్టిన గుడ్డ.

ప్రిన్సిపాల్ కేరళ ఆవిడ. నెరిసిన జుట్టు, గట్టి గొంతు. నేను టీచర్నని తెలియగానే పాపని వదిలేసి నన్నే ఇంటర్వ్యూ చేశారు. చదవడం ఎలా మొదలుపెడతారు, అక్షరాలు తిరగేసి రాసే పిల్లల్ని ఏం చేస్తారు, మొదటి వారం ఏడ్చేవాళ్ళని ఎక్కడ కూర్చోబెడతారు. పాపని మాత్రం ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, ఆకలేస్తోందా అని. ఔనంటే బిస్కెట్ ఇచ్చారు. ఆ తర్వాత ఒకటో తరగతి తలుపు దగ్గర నిలబడి చూడనిచ్చారు. టీచరు ఒక పిల్లవాడి పక్కన నేల మీద కూర్చుని వాడి వేలు పట్టుకుని చదివిస్తోంది. మిగతా పిల్లలు గోల చేయకుండా ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. ఒకటో తరగతిని ఆ స్థితికి తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా బయటికొచ్చాక, ఇది బడిలా లేదు, ఇల్లులా ఉందన్నాను. ఐదేళ్ల పిల్లకి ఇల్లులా ఉంటే తప్పేమిటన్నారు మా ఆయన. సీటు సంగతి మార్చిలో చెబుతామని అక్కడివాళ్ళు అన్నారు.

రెండోది అజీజియా బడి. దానికి పిల్లల ఇంటర్వ్యూ ఉంది, టైముంది, గేటు దగ్గర టోకెను ఉంది. మా ఆయన ఆ రోజు సెలవు పెట్టి, అజీజియా ఎంతలే, అరగంట అని ధీమాగా కారు తీశారు. సగం దారిలో ఒక బాణం గుర్తు మమ్మల్ని కుడికి తిప్పింది. అక్కడ ఇంకో బాణం ఎడమకి. కాసేపటికి మేము ఇందాకే దాటొచ్చిన పెట్రోలు బంకు మళ్ళీ ఎదురొచ్చింది. మా ఆయన మొహం అదోలా అయింది.

"ఇది మాదే," అన్నారు మెల్లగా.

పోయిన వారం వాళ్ళ కంపెనీ మార్చిన దారి అది. కొలతలు ఆయనవే. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పాప మాత్రం ఇంకోసారి తిరుగుదామని అడిగింది.

చేరేసరికి ఇంటర్వ్యూలు అయిపోయి టీచర్లు బెంచీలు సర్దుకుంటున్నారు. దారి సంగతి చెబితే ఒక పెద్ద టీచరు నవ్వి, తనూ పొద్దున అదే బంకు రెండుసార్లు చూశానని చెప్పి పాపని దగ్గర కూర్చోబెట్టుకున్నారు. ఆ దారి ఎవరు మార్చారో మేము చెప్పలేదు. రంగులు, అంకెలు అయ్యాక, మీ ఇంటి కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చెప్పమని ఇంగ్లీషులో అడిగారు.

"క్రేన్," అంది పాప.

టీచరు ముఖం వికసించింది. ఇంగ్లీషులో పెద్ద కొంగనీ క్రేన్ అనే అంటారు. పక్షుల్ని గమనించే పిల్ల అనుకున్నారు. దానికి ఎన్ని కాళ్ళుంటాయని అడిగితే పాప ఒకటి అంది. ఒంటికాలి మీద నిలబడడం కూడా గమనించిందే అని టీచరు నా వైపు మెచ్చుకోలుగా చూశారు. అయితే అది ఏం తింటుందన్నారు. పాప కాస్త ఆలోచించి, "ఐరన్," అంది.

టీచరుకి అప్పుడు తట్టింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. వెళ్ళేటప్పుడు మాకు గ్రౌండ్ చూపించారు. పచ్చటి కృత్రిమ గడ్డి, గోల్ పోస్టులు, దూరంగా పెద్ద స్టేడియం వంపు. పిల్లలు జట్లు జట్లుగా పరిగెడుతున్నారు. నాకు అక్కడే సగం మనసు పడిపోయింది. కానీ తరగతులు కిక్కిరిసి ఉన్నాయి, ఖాళీ వస్తే ఫోన్ చేస్తామన్నారు.

మూడోది మేము వెతకలేదు, తగిలింది. మా ఆయనతో పాలిటెక్నిక్ చదివిన స్నేహితుడు దుఖాన్‌లో ఆయిల్ కంపెనీలో పనిచేసేవాడు. ఒక శుక్రవారం భోజనానికి పిలిచాడు. పడమటి తీరం దాకా గంట ప్రయాణం, తిన్నని రోడ్డు, ఒక్క బాణం గుర్తు లేదు. స్టాఫ్ ఇళ్ళన్నీ ఒకే తీరుగా వరసగా ఉన్నాయి. ఇంటి ముందు గడ్డి, గడ్డి మీద పిల్లల సైకిళ్ళు. భోజనాలయ్యాక నడుచుకుంటూ బడి చూడ్డానికి వెళ్ళాం. శుక్రవారం సెలవు కాబట్టి గేటు మూసి ఉంది. ఊచల మధ్య నుంచి తొంగి చూస్తే తెల్లటి వరండా, ఉయ్యాలలు, ఒక వేపచెట్టు. పిల్లలు ఇళ్ళ నుంచి నడిచే వెళతారట. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి మళ్ళీ పోతారట. మూసిన గేటుని చూసి నేను ఆ బడికి నూటికి నూరు మార్కులు వేశాను.

స్నేహితుడి భార్యది రాజమండ్రి. నా పరవశం చూసి ఆవిడ నవ్వింది.

"ఇక్కడ పోల్చుకోడానికి ఇంకో బడి లేదండి. ఉన్నదే బడి. అందుకని మాకు రాత్రి నిద్ర పడుతుంది, అంతే."

తర్వాత గిన్నెలు కడుగుతూ ఇంకో సంగతి చెప్పింది. వాళ్ళమ్మాయికి ప్రతి ఏడూ ప్రాణ స్నేహితురాలు మారుతుందట. ఎవరి నాన్నకో బదిలీ అవుతుంది, ఆ పిల్ల వెళ్ళిపోతుంది. ఈ ఏడాది పిల్ల అసలు కొత్తవాళ్ళతో మాట్లాడనంటోందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ కడిగిన గిన్నెనే ఇంకోసారి కడిగింది. ఏమీ లేనట్టు మళ్ళీ నాకు పెరుగు డబ్బా కట్టిచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మా ఆయన అన్నారు, అది కంపెనీ స్టాఫ్ పిల్లలకే బడి, వాళ్ళకి ఇప్పుడు సర్వేయర్లు అక్కర్లేదని కనుక్కున్నానని. అంటే ఆయనకీ మనసైందన్నమాట. దుఖాన్ అంతటితో అయిపోయింది.

మార్చి వచ్చింది. ఒక పొద్దున కూర పొయ్యి మీద ఉండగా ఇంటి పక్క బడి నుంచి ఫోన్. ప్రిన్సిపాలే మాట్లాడారు. ఒకటో తరగతి టీచరు భర్తకి మస్కట్ బదిలీ అయిందట. ఇక్కడ బడి వారం మొదలయ్యేది ఆదివారం, ఆ రోజు నుంచి రాగలరా అని అడిగారు. నేను పాప గురించే అడుగుతున్నారనుకుని తెస్తానన్నాను. ఆవిడ నవ్వి, పాపని కూడా తీసుకురండి, సీటు ఇస్తాం, కానీ నేను అడిగేది మిమ్మల్ని అన్నారు. కాగితాల సంగతంతా బడే చూసుకుంటుందన్నారు. ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగేసరికి కూర అడుగంటింది. నాకు ఏమాత్రం బాధ అనిపించలేదు. కాకినాడలో బడి వదిలిన రోజు నుంచీ నాలో ఒక మూల ఖాళీగా ఉంటూ వచ్చింది. దాని గురించి నేనెవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా పెద్దగా చెప్పుకోలేదు.

ఆ మధ్యాహ్నమే అజీజియా నుంచి ఫోన్. సీటు ఖాళీ అయింది, రేపటిలోగా చెప్పాలి.

నెలల తరబడి ఒక్క ఫోనూ లేదు, వస్తే రెండూ ఒకేరోజు. మా ఆయన డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. నీ ఇష్టం అన్నారు. ఆయన ఆ మాట మంచి మనసుతోనే అంటారు గానీ దాంతో పని జరగదు. పాపని అడిగితే బస్సు ఉన్న బడి కావాలంది. పై అంతస్తు పెద్దవాడు బస్సెక్కడం రోజూ బాల్కనీలోంచి చూస్తోంది మరి.

నా లెక్కలో చిక్కుముడి ఇంకోటి ఉంది. చిన్న బడిలో ఒకటో తరగతికి ఒకటే సెక్షను. పాప అక్కడ చేరితే నా గదిలోనే కూర్చోవాలి. ఇంట్లో అమ్మ, బడిలో అమ్మ. కాకినాడలో మాతో పనిచేసిన ఒకావిడ కూతురు అలాగే చదివింది. తప్పు చేసినా ఒప్పు చేసినా అందరికీ టీచరు కూతురే, పాపం ఆ పిల్ల పేరే ఎవరూ పలికేవాళ్ళు కాదు. అది మా పాపకి వద్దనిపించింది. అలాగని తెల్లవారకముందే దాన్ని బస్సెక్కించి ఊరవతలికి పంపి, నేను పక్క వీధిలో ఎవరి పిల్లలకో పాఠం చెప్పడమా?

టీ కప్పు పట్టుకుని పైకి వెళ్ళి అక్క ముందు ఇదంతా ఏకరువు పెట్టాను. ఆవిడ రొట్టెలు చేస్తూ విని, చివరికి చేతిలో పిండి దులుపుకుంది.

"బడి బిడ్డ కోసమా, నీ కోసమా? ముందుగాల గది జెప్పు."

రెండూ అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

"అయితె రెండు తీస్కో. నేను తీస్కోలె? బిడ్డను నా పెద్దోడు సూస్కుంటడు. నా చిన్నోన్ని నువ్వు తీస్కపో. ఎవల బడికి వాళ్ళు పోదురు."

అంత తేలిగ్గా తేలిపోయింది. మర్నాడు రెండు ఫోన్లూ చేసి, రెండు చోట్లా సరే అన్నాను.

అలా మా ఇంట్లోకి కూడా రెండు బళ్ళు వచ్చాయి. ఇంకా మసక వెలుతురు ఉండగానే అక్క పెద్దకొడుకు మా తలుపు కొట్టేవాడు, పాప సగం నిద్రలో వాడి వెనక బస్సెక్కేది. కాసేపటికి నేను వాళ్ళ చిన్నవాణ్ణి పట్టుకుని వీధి చివరికి నడిచేదాన్ని. నేను ఒకటో తరగతికి చెబుతున్నాను, నా కూతురు ఊరికి అటువైపు అదే ఒకటో తరగతి చదువుతోంది. ఇంతకన్నా దగ్గరగా రెండు బళ్ళని పోల్చి చూసే అవకాశం ఎవరికీ వచ్చి ఉండదు. మొదట్లో నాకు అదే పని. వాళ్ళెంత చెప్పారు, మేమెంత చెప్పాం. నేను పదాన్ని శబ్దాలుగా విడగొట్టి చదివించడానికి కూర్చుంటే పాప పుస్తకం లాక్కునేది.

"మా మిస్ అలా చెప్పదు. నువ్వు మీ పిల్లలకి చెప్పుకో."

మొదటిసారి కాస్త గుచ్చుకుంది. తర్వాత్తర్వాత నేనూ తెలివి మీరాను. వాళ్ళ మిస్ దగ్గరున్న మంచివన్నీ ఎత్తుకొచ్చి మా తరగతిలో వాడేదాన్ని. గురువారం గురువారం పిల్లలు ఇంటి నుంచి ఒక వస్తువు తెచ్చి దాని గురించి నాలుగు ముక్కలు చెప్పాలనే ఆట అక్కడిదే. నేను మొదలుపెట్టిన మొదటి గురువారం ఒక పిల్లవాడు నాన్న సైట్ హెల్మెట్ తెచ్చాడు. ఒక పిల్ల అమ్మమ్మ పంపిన మాగాయ సీసా తెచ్చి, దాని గురించి ఏమీ చెప్పకుండా అందరికీ వేలితో నాకించింది. ప్రిన్సిపాల్ తలుపు దగ్గరకొచ్చి, వాసనకే ఆగిపోయి, ఆవిడ కూడా వేలు చాపారు.

రెండు బళ్ళలోనూ తెలుగు లేదు. హిందీ ఉంది, మలయాళం ఉంది, అరబిక్ ఎలాగూ ఉంది. అందుకని శుక్రవారం పొద్దున్నే మా హాల్లో చాప పరిచి ముగ్గురు పిల్లలకీ నేనే తెలుగు చెప్పేదాన్ని. మా పాప 'నాన్న వచ్చాడు' అని రాస్తే అక్క పిల్లలు 'నాయిన అచ్చిండు' అని రాసేవాళ్ళు. ఎవరిది కరెక్టని ముగ్గురూ నా మొహం చూశారు. ఇద్దరు నాన్నలూ వచ్చినట్టే కదా అని రెండింటికీ టిక్కు పెట్టాను.

ఆ ఏడాది నవంబరులో వాన పడింది. దోహాలో వాన అంటే అందరూ బాల్కనీల్లోకి వచ్చి చేతులు చాపుతారు. మా తరగతి పిల్లలంతా కిటికీలకి అతుక్కుపోయారు, పాఠం అటకెక్కింది. మేము తొందరగా ఇంటికి పంపేశాం. అప్పటికి వాన పెద్దదైంది. ఇంటికొచ్చి చూస్తే వీధిలో చీలమండ లోతు నీళ్ళు. అజీజియా బస్సు రావలసిన వేళ దాటింది. అక్కా నేనూ కింద మెట్ల దగ్గర నిలబడ్డాం. బస్సులో పిల్లల్ని చూసుకునే ఆయాకి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది, తర్వాత అసలు మోగడమే మానేసింది. బడికి చేస్తే బస్సులు ఎప్పుడో బయల్దేరాయన్నారు. కొత్తగా తవ్విన అండర్‌పాస్‌లు నిండిపోయాయని కిరాణా కొట్టతను చెప్పాడు.

నేను ఏవేవో ఊహించుకుంటున్నాను. అక్క నీళ్ళలో వీధి మలుపు దాకా వెళ్ళి చూసి తిరిగొస్తోంది. ఆవిడ అలా తిరుగుతుంటే నాకింకా భయమేసింది. మా ఆయన పొద్దున్నుంచీ డ్యూటీలో ఉన్నారు. వానపడితే నీళ్ళు తోడే పంపులు ఎక్కడ పెట్టాలో చూసే పని వాళ్ళదే. ఆయనకి ఫోన్ చేసి, బస్సు రాలేదన్నాను. సరే అని పెట్టేశారు. చాలాసేపటికి ఆయనే చేశారు. వెనక పంపుల మోత.

"కనిపించింది," అన్నారు. "అండర్‌పాస్‌కి అవతలి వైపు బస్సు ఆగి ఉంది. పాప కిటికీలోంచి చేతులు ఊపుతోంది. మధ్యలో నీళ్ళు. అది ఇటు రాలేదు, నేను అటు పోలేను. కానీ బాగానే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను."

పెద్దోడు కనిపించిండా అని అక్క నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. కనిపించాడని, పాపని కిటికీ దగ్గర ఎత్తుకుని నిలబెట్టింది వాడేనని ఆయన చెప్పారు. అక్క అక్కడే తడి మెట్టు మీద కూర్చుండిపోయింది.

పొద్దుగుంకే వేళకి నీళ్ళు తగ్గి బస్సు వచ్చింది. మా భయమంతా మొహాల మీదే ఉంది, పిల్లలు మాత్రం పాటలు పాడుతూ దిగారు. నేపాలీ డ్రైవరు దారిలో దిగి అందరికీ ఖుబ్జు రొట్టెలూ జ్యూసులూ కొనిపెట్టాడట. ఆయా తన ఫోన్‌లో బొమ్మలు చూపించి చూపించి ఛార్జింగ్ అవగొట్టేసిందట. పాపని గట్టిగా పట్టుకుంటే, ఒళ్ళు తడిసిపోతోంది వదులమ్మా అంది. నిజమే, తడిసింది నేనే. దాని బట్టలు పొడిగా ఉన్నాయి.

ఆ వారమంతా నాకు ఒకటే ఆలోచన. రెండో తరగతి నుంచి నా గదిలో కూర్చునే గొడవ లేదు కదా, మా బడికే మార్చేస్తే పోదా? ఇంటికి నాలుగు అడుగులు. వానొచ్చినా వరదొచ్చినా చేయి పట్టుకుని తెచ్చుకోవచ్చు. ప్రిన్సిపాల్ ఎప్పుడైనా తీసుకురండి అన్నారు. మా ఆయన కూడా ఈసారి నీ ఇష్టం అనకుండా, మార్చేద్దాం అన్నారు. నీళ్ళకి ఇవతల నిలబడి చూసిన మనిషి మరి. ఇక పాపకి చెప్పడమే మిగిలింది. అన్నం తినిపిస్తూ, అమ్మ బడికి వస్తావా అని అడిగాను.

అది నమలడం ఆపి నన్ను విచిత్రంగా చూసింది. "అది నీ బడి కదా. నా బడి అజీజియాలో ఉంది."

రోజూ అంత దూరం పోవాలి కదా, వానలో చిక్కుకుపోతే ఎలా అన్నాను. అలా చిక్కుకున్న రోజే అన్నిటికన్నా బాగుందట. నీకంత బెంగగా ఉంటే నువ్వే మా బడికి వచ్చేయి అంది. నేను నెలల తరబడి బేరీజు వేసిన బళ్ళు దాని బుర్రలో ఎప్పుడో అయిపోయాయి. దానికి అది మంచి బడీ కాదు చెడ్డ బడీ కాదు, దాని బడి. మార్చలేదు.

తర్వాతి వేసవికి ముందే అక్క వాళ్ళు వెళ్ళిపోయారు. స్టేడియం పని ముగిసింది, వాళ్ళాయన కంపెనీ చాలామందిని తగ్గించింది. సామాను సర్దేటప్పుడు అక్క రెండు రకాల యూనిఫారాలూ మడతపెట్టి, చిన్నవాళ్ళకెవరికైనా పనికొస్తాయని నాకే ఇచ్చింది. ఎయిర్‌పోర్టులో పాప పెద్దవాడి చొక్కా పట్టుకుని వదలలేదు. నేను ఏడుస్తానేమోనని అక్క నన్ను చూడకుండా సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పడుతూ నిలబడింది. కొన్నాళ్ళకి ఫోన్‌లో, పిల్లలిద్దరూ నిజామాబాద్‌లో ఒకే బడిలో చేరారని, ఇప్పుడు ఎవరి క్లాస్ టీచర్ మంచిదని కొట్టుకుంటున్నారని చెప్పింది. పాప ఆ ఏడాదంతా బస్సులో కిటికీ పక్కన ఒంటరిగానే కూర్చుంది. తర్వాత ఒక ఫిలిప్పీన్స్ పిల్ల తోడైంది.

పోటీలు దగ్గరపడే కొద్దీ ఊరు ఒక్కొక్క అడ్డుగోడే తీసేస్తూ వచ్చింది. మా బడి కూడా విల్లా ఖాళీ చేసి, ఊరి చివర కట్టిన కొత్త భవనంలోకి మారింది. ఇంటి పక్కన ఉందని చేరిన నేనూ ఇప్పుడు పొద్దున్నే బస్సెక్కేదాన్నయ్యాను. కొత్త బడిలో వెడల్పాటి గదులు, మెరిసే బోర్డులు, వెనక నిజమైన గ్రౌండు.

మొదటి రోజు మా తరగతిని గ్రౌండుకి తీసుకెళ్ళాను. ముందు నడుస్తున్న పిల్లలు గడ్డి అంచుకి రాగానే టక్కున ఆగిపోయారు. ఎవరూ కాలు పెట్టడం లేదు. వెళ్ళి ఆడుకోమన్నాను. అప్పుడు పరిగెత్తారు, కానీ ఒకరి వెనక ఒకరు, గోడవారగా, వరస తప్పకుండా. పాత విల్లాలో ఆటల పీరియడ్ అంటే ఆ రెండు కార్లు పట్టే జాగాలో గోడవారగా ఒకరి భుజం ఒకరు పట్టుకుని చుట్టూ తిరగడమే. వీళ్ళకి పరుగంటే అదే తెలుసు. అంత పెద్ద మైదానంలో ఆ సన్నటి వరస గోడని ఆనుకుని సాగిపోతుంటే నాకు నవ్వొచ్చింది. చెప్పులు అక్కడే విడిచి, మైదానం నడిమధ్యలోకి నేనే పరిగెత్తాను. చాలాకాలమైంది పరిగెత్తి, చీర కాళ్ళకి అడ్డం పడుతోంది. వరస చివరున్న ఒక పిల్ల నన్ను చూసి ఆగింది. కాసేపు అటూ ఇటూ చూసి, గోడ వదిలి నా వైపు రావడం మొదలుపెట్టింది. ఆ పిల్ల వెనకే ఇంకో ఇద్దరు. ఆ తర్వాత ఇక వరస లేదు.